వాడబడి నుంచి ఊరిబడికి ఏం రావాలి?

బాన్సువాడ ప్రాంతంలో ఒకే మనిషి రెండు రకాల బడుల్లో చదువు చెప్పటం కొత్త సంగతి కాదు. వాడలో రాత్రిబడి నడిపిన పిల్లగాడే తర్వాత డీఎస్సీ రాసి సర్కారు టీచరవుతాడు. సర్కారు టీచరే అక్షరాస్యత కార్యక్రమానికి డిప్యుటేషన్ మీద పోయి మళ్లీ తన తరగతికి వస్తాడు. విద్యావాలంటీరు పొద్దున బడిలో, సాయంత్రం సంఘం ఇంటి దగ్గర అవే పిల్లల్ని కూర్చోబెట్టుకునేది. ఈ రాకపోకల్లో టీచరు వెంట ఏం వస్తుంది, ఏం దారిలోనే పడిపోతుంది అనేది మా ప్రశ్న.

ఈ ప్రశ్నకు శిక్షణ శిబిరాల్లో దొరికే జవాబు సులువైనది. పాటలొస్తాయి, చార్టులొస్తాయి, ఆటలొస్తాయి అంటారు. అవి వస్తాయి, కాదనం. కానీ పాట పాడించి చార్టు గోడకు తగిలించిన తర్వాత కూడా వాడ పిల్ల వెనక వరసలోనే ఉంటే వచ్చిందేమిటి? వాడబడిలో టీచరు నేర్చుకునే అసలు విద్య ఒకటుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి ఇప్పటికే ఏదో తెలుసు అనుకుని పాఠం మొదలుపెట్టటం. మిగతా నేర్పులన్నీ దాని నుంచి పుట్టినవే. అది తరగతిలోకి వస్తే మిగతావి వాటంతట అవే వస్తాయి. అది రాకపోతే మిగతావి తనిఖీ రోజు తమాషాగా మిగులుతాయి.

ఇక్కడి పిల్లలు ఎవరు

బాన్సువాడ 2016 అక్టోబరు దాకా నిజామాబాద్ జిల్లాలో ఉండె, ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉంది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ నేలను వరి, చెరుకు పండే నేలగా మార్చింది. కాల్వ కింద భూమి ఎవరిది, ఆ భూమిలో నడుము వంచింది ఎవరు అని అడిగితే బడి హాజరు పట్టీ సగం అర్థమవుతుంది. నాట్లప్పుడు, కోతలప్పుడు ఏ పిల్లల పేర్ల పక్కన గైర్హాజరు పడుతుందో ఏ టీచరైనా చూడకుండా చెప్పగలడు. దీనికి తోడు ఇండ్లల్లో బీడీల పని. పడమర దిక్కున జుక్కల్, మద్నూర్, బిచ్కుంద వైపు పోతే మరాఠీ, కన్నడం కలిసిన తెలుగు. తండాల్లో లంబాడీ మాట, పట్నంలో ఉర్దూ. 2011 జనగణన నాటికి కూడా ఉమ్మడి నిజామాబాద్ జిల్లా అక్షరాస్యత 61 శాతమే.

అంటే ఇక్కడి సర్కారు బడిలో కూర్చున్నవాళ్లల్లో ఎక్కువమంది మాల, మాదిగ, లంబాడీ, వెనుకబడిన కులాల, ముస్లిం పేదల పిల్లలు. ఉన్నోళ్ల పిల్లలు బస్సెక్కి ప్రైవేటు బడికి పోయి చాన్నాళ్లయింది. పాఠం మాత్రం పోయినవాళ్ల కోసం రాసినట్టే ఉంటుంది.

వాడబడికి చరిత్ర ఉంది

వాడబడి ప్రభుత్వం కనిపెట్టింది కాదు. పూనాలో జోతిబా ఫూలే, సావిత్రిబాయి 1848లో ఆడపిల్లల బడి పెట్టారు. 1855లో పనిచేసుకునేవాళ్ల కోసం రాత్రిబడి నడిపారు. మన హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథల ద్వారా వాడల్లో మాట చెప్పటం మొదలుపెట్టారు. 1910 నుంచి వరసగా బడులు తెరిచారు. రాజ్యం ఉర్దూలో నడుస్తున్న రోజుల్లో వాటిని తెలుగులో నడిపించారు. ఇక్కడ గమనించాల్సింది వరస. ముందు హరికథ, తర్వాత బడి. ముందు జనం వినే రూపంలోకి మాట పోయింది, ఆ మాట మీద నమ్మకం కుదిరాక బడి నిలబడింది. ఇయ్యాల మనం కళాజాత అంటున్నది ఈ దారిలో వచ్చిందే.

తర్వాత రాజ్యం కార్యక్రమాలు వచ్చాయి. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988లో జాతీయ సాక్షరతా మిషన్, దాని వెనకే జిల్లాల వారీగా సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాలు. పదిమంది వయోజనులకు ఒక వాలంటీరు, మూడు వాచకాలు, సుమారు 200 గంటలు అనేది ఆ ఉద్యమాల లెక్క. నెల్లూరు జిల్లాలో ఈ చదువు అక్షరాల దగ్గర ఆగలేదు. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. చదువుకునే మనిషికి తన బతుకే పాఠంగా ఎదురైతే ఏమవుతుందో అక్కడ తేలిపోయింది.

మొదటి నేర్పు: మాట నుంచి అక్షరానికి

మామూలు తరగతిలో చదువు వర్ణమాలతో మొదలయ్యేది. పిల్ల తన నోట ఒక్కసారీ పలకని ఋ, ౠ దిద్దినంక గాని తన ఇంట్లో రోజూ వినే మాట రాయటం దాకా రాకపోయేది. వయోజనుల దగ్గర ఈ పద్ధతి పారలేదు. పగలంతా కలుపు తీసి వచ్చిన ఆడమనిషి నెల రోజులు అక్షరాలు దిద్దుతూ కూర్చోదు. ఆమెకు మొదటి రోజే ఒక మాట చదవటం రావాలి. అందుకే కార్యక్రమాల్లో పని తిరగబడింది. ముందు మాట, ఆ తర్వాత అందులోని అక్షరాలు.

‘కలుపు’ అనే మాటనే తీసుకుందాం. అందులో ఉన్న అక్షరాలు క, ల, ప. ఈ మూడింటినే అటూ ఇటూ కలిపితే కల, కలప, పలక వస్తాయి. గుణింతం చేరిస్తే కాలు, పాలు, పులి, పలుకు, పిలుపు, కూలి వస్తాయి. మూడు అక్షరాలతో తొమ్మిది మాటలు. ‘కలుపు’తో మొదలుపెట్టిన మనిషి ‘కూలి’ దాకా వచ్చేసరికి అడగాల్సిన ప్రశ్న కూడా వస్తుంది: మొగోళ్ల కూలికి, ఆడోళ్ల కూలికి తేడా ఎందుకు? బ్రెజిల్‌లో పౌలో ఫ్రేరీ 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో సుమారు 300 మంది కూలీలతో చేసిందీ ఇదే. 40 గంటల్లో చదవటం, రాయటం. చదువు మొదలయ్యే మాట వాళ్ల బతుకులోంచి తీసిన మాట.

ఇది ఒకటో తరగతిలోకి ఎట్లా వస్తుంది? మాటల పట్టీ తీసుకొచ్చి గోడకు అంటిస్తే రాదు. నేర్పు పట్టీలో లేదు, పట్టీ తయారుచేయటంలో ఉంది. వాలంటీరు పది రోజులు వాడలో తిరిగి, మాటలు విని, వాటిల్లో ఏవి తక్కువ అక్షరాలతో ఎక్కువ మాటలిస్తాయో చూసి ఎంచుకుంటాడు. టీచరు కూడా తన పిల్లల నోట వచ్చే మాటలు వారం రోజులు రాసుకుని అందులోంచి పది ఎంచుకుంటే నేర్పు తరగతిలోకి వచ్చినట్టు. తండా పిల్లలుంటే లంబాడీ మాటలూ అందులో ఉంటాయి.

ఒక అనుమానం రావచ్చు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది, రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇంకా ఈ వాడ మాటలెందుకు? ఇంగ్లిషు మాకు కావాలి. అది దళితుల డిమాండు, దాన్ని వదులుకునే ప్రసక్తి లేదు. కానీ ఇంగ్లిషులోనూ ‘ఏ ఫర్ ఆపిల్’ కంటే ముందు పిల్లకు తెలిసిన ఇంగ్లిషు ఉంది. బస్సు, టికెట్, ఫోన్, రేషన్, లైట్, మోటార్ ఆమె నోట్లోనే ఉన్నాయి. ‘నీకు ఇంగ్లిషు రాదు’ అనటానికి, ‘నీకు ఇరవై ఇంగ్లిషు మాటలు ముందే వచ్చు, రా, వాటిని రాద్దాం’ అనటానికి మధ్య ఉన్న తేడానే వాడబడి నేర్పింది.

రెండో నేర్పు: పనిలో ఉన్న లెక్క

లెక్కల్లో మా పిల్లలు వెనకబడ్డారని ప్రతి సర్వే చెప్తుంది. ఆ పిల్లల ఇండ్లల్లో రోజూ ఎంత లెక్క జరుగుతుందో ఏ సర్వే అడగదు. ఎకరానికి 40 గుంటలు. పది గుంటలంటే పావెకరం, ఇరవై అంటే అరెకరం, ముప్పై అంటే ముప్పావు. కౌలు మాట్లాడుకునే ఇంట్లో పెరిగిన పిల్లకు భిన్నాలు కొత్త కాదు. ఒకటి కింద నాలుగు అనే గుర్తు ఒక్కటే కొత్త.

బీడీల లెక్క కూడా ఇట్లాంటిదే. కట్టకు 25 బీడీలనుకుంటే వెయ్యి బీడీలకు 40 కట్టలు. కూలి వెయ్యికి ఇంత అని లెక్క. 40 కట్టల్లో రెండు కట్టలు బాగలేవని తీసేస్తే పోయింది ఎంత? నూటికి అయిదు. అమ్మ చేతికి రావాల్సిందెంత, వచ్చిందెంత? ఇక్కడ గుణకారం ఉంది, భాగహారం ఉంది, శాతం ఉంది, వాటికి మించి ఒక అన్యాయాన్ని లెక్కకట్టే విద్య ఉంది. సంఘం మీటింగుల్లో పొదుపు పుస్తకం రాయటం నేర్పిన కార్యకర్తలకు ఈ సంగతి బాగా తెలుసు. వడ్డీ లెక్క సూత్రంతో చెప్తే అర్థం కాని మనిషి, నూటికి మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి ఎంతవుతుందో నోటితో చెప్పేస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. బీడీల లెక్క తరగతిలోకి తెచ్చామంటే పిల్లలు బీడీలు చుట్టటం మంచిదని చెప్పినట్టు కాదు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పనిచేసిన ఎంవీ ఫౌండేషన్ ఈ విషయంలో గట్టి గీత గీసింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ఏ పనికీ మినహాయింపు లేదన్నది. అమ్మ పనిని పాఠంలోకి తేవాలి, పిల్లని పనిలోంచి బయటికి తేవాలి. ఈ రెండూ ఒకేసారి చెయ్యకపోతే ‘పనిద్వారా చదువు’ పేరు మీద కులవృత్తినే మళ్లీ నేర్పినట్టవుతుంది.

మూడో నేర్పు: అడగకూడని ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న

ఈ జిల్లాలో జోగిని వ్యవస్థ ఎంతమంది దళిత ఆడపిల్లల బతుకులు తిన్నదో పాఠకులకు తెలుసు. బాన్సువాడకు దగ్గర్లోని వర్నిలో హేమలతా లవణం, లవణంల సంస్కార్ సంస్థ జోగినుల మధ్య పనిచేసింది. 1988లో దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన పిల్లల చేతికి బడి ఫారం సులువుగా రాలేదు. ఫారంలో తండ్రి పేరు అనే గడి ఉంటుంది.

జోగిని తల్లుల పిల్లలతో పనిచేసే మనిషి మొదట నేర్చుకోవాల్సింది ఒక ప్రశ్న అడగకుండా ఉండటం. ‘మీ నాయిన పేరేంది?’ అని నలుగురి ముందు అడిగితే ఆ పిల్ల మర్నాడు రాదు. ఈ నేర్పు జోగిని పిల్లలకే పరిమితం కాదు. గల్ఫుకు పోయి తిరిగిరాని తండ్రుల పిల్లలున్నారు, విడిపోయిన తల్లుల పిల్లలున్నారు. ఇక ‘మీరేమిట్లు?’ అనే ప్రశ్న ఉండనే ఉంది. స్కాలర్‌షిప్పు కాగితం కోసం కులం అవసరమే, కానీ దాన్ని తరగతి మధ్యలో లేపి నిలబెట్టి అడగాల్సిన అవసరం లేదు. వివరాలు తల్లితో, విడిగా, ఇంటి దగ్గర రాసుకోవచ్చు.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మామూలు బడిలో పిల్ల రాకపోతే పట్టీలో గీత పడుతుంది, అంతే. రాత్రిబడిలో పది మందిలో ముగ్గురు రాకపోతే ఆ రాత్రి బడే నడవదు. అందుకని వాలంటీరు వెతుక్కుంటూ పోతాడు. ‘ఎందుకు రాలేదు?’ అని గద్దించడు, ‘ఏమైంది, ఎప్పుడైతే వీలవుతుంది?’ అని అడుగుతాడు. నాట్ల వారం రెండు గంటలు ఆలస్యంగా బడి పెడతాడు. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. బడి మానేసిన పిల్లని ఆమె వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అందులో నాలుగో సెక్షను చెప్తున్నది. ఆ ప్రత్యేక శిక్షణ ఎట్లా ఉండాలో రూలు పుస్తకంలో దొరకదు. ఇల్లిల్లూ తిరిగిన వాలంటీర్ల దగ్గర దొరుకుతుంది.

నాలుగో నేర్పు: కూర్చునే తీరు

వాడబడిలో గుండ్రంగా కూర్చుంటారు. దానికి పెద్ద సిద్ధాంతమేమీ లేదు, ఒక్కటే లైటు ఉంటుంది గనుక దాని చుట్టూ కూర్చుంటారు. అయితే గుండ్రానికి ముందు వరస, వెనక వరస ఉండవు. ఊరి బడిలో వరసలుంటాయి, వరసలకు అలవాట్లుంటాయి, ఆ అలవాట్ల వెనక ఊరుంటుంది. మధ్యాహ్న భోజనం దగ్గర పళ్లాలు పట్టుకుని ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూస్తే ఇది తెలుస్తుంది.

2022 ఆగస్టులో ప్రాథమిక తరగతులకు వచ్చిన ‘తొలిమెట్టు’ లాంటి కార్యక్రమాలు పిల్లల స్థాయి చూసి, దాన్ని బట్టి నేర్పమంటాయి. ఆలోచన మంచిదే, వాడబడుల్లోనూ ఇదే చేస్తారు. కానీ తేడా ఎక్కడుందో చూడాలి. వాడబడిలో చదవటం వచ్చిన మనిషి రానివాళ్ల పక్కన కూర్చుని చెప్తుంది, గుంపు రెండు వారాలకోసారి మారుతుంది. తరగతిలో ‘కింది స్థాయి’ గుంపు జూన్‌లో ఏర్పడి ఏప్రిల్ దాకా కదలకపోతే అది గుంపు కాదు, వెనక వరసే. పేరు మారింది, అంతే. స్థాయిల పట్టికను కులాల పట్టిక పక్కన పెట్టి చూడటం ప్రతి బడిలో చెయ్యాల్సిన పని. రెండూ ఒక్కటిగా కనబడితే లోపం పిల్లల్లో లేదని అర్థం.

ఎక్కడ తెగిపోతున్నది

ఇన్ని నేర్పులుండి కూడా తరగతులు ఎందుకు మారలేదు? మాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

ఒకటి, నేర్పును సామానుగా మార్చటం. 1980లలో బ్రిటిష్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం చేస్తూ నేర్చుకోవటం, గుంపుల్లో పని, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవటం, పిల్లలు చేసినవి గోడలమీద ప్రదర్శించటం లాంటి సూత్రాలు చెప్పింది. టీచర్లు కలిసి మాట్లాడుకునేందుకు ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టింది. సూత్రాలు మంచివే. కానీ తనిఖీకి వచ్చే అధికారి గోడను చూస్తాడు, ముఖాలను చూడడు. చార్టు కనిపిస్తుంది, చూపు మారిందా లేదా అన్నది కనిపించదు. అందుకని చార్టులే మిగిలాయి.

రెండు, టైము. వాడబడిలో పది, పదిహేను మందికి ఒకరు. ఊరి బడిలో రెండు మూడు తరగతులకు ఒకరు, పైగా ఎన్నికల డ్యూటీ, సర్వేలు, ఆన్‌లైన్‌లో ఎక్కించే వివరాలు. ఈ బరువు కింద టీచరు తనకు చిన్నప్పుడు చదువు చెప్పిన పద్ధతికే తిరిగి పోతాడు. దాన్ని బద్ధకం అనటం న్యాయం కాదు.

మూడోదే అసలుది. ఈ నేర్పులు తయారుచేసినవాళ్లు ఎవరు? నెలకు 398 రూపాయలకు పనిచేసిన స్పెషల్ టీచర్లు. విద్యావాలంటీర్లు. 2009 నుంచి 2018 మార్చి దాకా నడిచిన సాక్షర భారత్‌లో పంచాయతీకి ఇద్దరు చొప్పున, నెలకు 2000 రూపాయలకు పనిచేసిన గ్రామ కోఆర్డినేటర్లు. వీళ్లల్లో వాడల నుంచి మొదటిసారి ఇంటర్, డిగ్రీ దాకా చదివిన పిల్లలు ఎందరో. పథకం ముగిసిన రోజు వాళ్ల పని ముగిసింది, వాళ్లకు తెలిసింది ఎవరూ రాసిపెట్టుకోలేదు. 2020లో కోవిడ్‌తో బడులు మూతపడ్డప్పుడు విద్యావాలంటీర్లనూ కొనసాగించలేదు. పథకం నివేదికలో ‘సముదాయ భాగస్వామ్యం’ అని ఒక మాట మిగిలింది. చెప్పులు కుట్టే విద్యకు, పంట పండించే విద్యకు ఈ దేశంలో ఏం జరిగిందో ఈ విద్యకూ అదే జరిగింది. చేతిపని వాడది, పేరు ఇంకొకరిది.

చెయ్యగలిగినవి

పెద్ద సంస్కరణ వచ్చేదాకా ఆగక్కర్లేదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఇప్పటికే ఉన్నాయి. ఏడాదిలో రెండు సమావేశాలైనా రాత్రిబడి నడిపినవాళ్లు, పాత వాలంటీర్లు, సంఘం లెక్కలు రాసే ఆడవాళ్లు మాట్లాడాలి, టీచర్లు వినాలి. వచ్చినవాళ్లకు దారి ఖర్చు, రోజు కూలి ఇవ్వాలి. శిక్షకుడికి గౌరవ వేతనమిచ్చి వాడ మనిషికి చాయ్ ఇచ్చి పంపటం కుదరదు.

టీచర్లు తమ బడి పిల్లల మాటల పట్టీ, లెక్కల పట్టీ రాసుకుని, ఎవరి దగ్గర విన్నారో వాళ్ల పేరుతో పక్క బడికి ఇవ్వాలి. బీఎడ్, డీఎడ్ చదివే మన విద్యార్థులు ప్రాజెక్టు పని కోసం పుస్తకాల షాపుల్లో థర్మకోల్ కొనటం మాని, తమ వాడలో చదువు చెప్పిన మనుషుల దగ్గర కూర్చుని వాళ్ల పద్ధతిని రాయాలి. కార్యకర్తలు రెండు సంగతులు అడగాలి. టీచరు నియామకాల్లో ఈ పనిచేసిన ఏండ్లకు వెయిటేజీ ఉండాలి. స్థాయిల గుంపుల వివరాలు బడి యాజమాన్య కమిటీ ముందు, తల్లుల ముందు మూడు నెలలకోసారి పెట్టాలి.

తల్లి ఆ కమిటీలో కూర్చుని ‘నా బిడ్డ ఆరు నెలల నుంచి ఆ గుంపులనే ఎందుకున్నది సారూ?’ అని అడిగితే, ఆ ప్రశ్నకు టీచరు కోపం తెచ్చుకోకుండా పట్టీ తెరిచి జవాబు చెప్తే, వాడబడి నేర్పు ఊరిబడికి చేరినట్టు లెక్క.